కైఫాస్ అనే కుక్క, మంచుదేశపు బొచ్చు, మన రోహిణీ ఎండలు



ఈసారి ఒక కుక్కజాతి చరిత్ర రాస్తున్నాం. పాస్టరుగారికి కుక్కల సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కారణం ఉంది. హైదరాబాదులోనూ విశాఖపట్నంలోనూ ఉద్యోగాలు చేసుకుంటున్న మన యువకులు కొందరు ఫోనులో ఒక ఫొటో చూపించి, "అయ్యగారూ, దీన్ని తెచ్చుకుందామనుకుంటున్నాం, మీరేమంటారు?" అని అడుగుతున్నారు. తెల్లని దట్టమైన బొచ్చు, నల్లని ముక్కు, నవ్వుతున్నట్టుండే నోరు. దాని పేరు సమోయెడ్. అవుననో కాదనో ఒక్కమాట చెప్పి పంపకుండా, దాని చరిత్ర తీసి చదివాం. చదువుతూ చదువుతూ ఒక పేరు దగ్గర ఆగిపోయాం. ఆ పేరు కైఫాస్.

మన బైబిలులో కయప అని చదివే ప్రధానయాజకుణ్ణి నార్వే దేశస్థులు కైఫాస్ అంటారు. 1895 ఆగస్టులో ఉత్తర ధ్రువ సముద్రపు మంచు మీద తుపాకి గుండుకు చనిపోయిన ఒక కుక్కకు ఆ పేరు ఉంది. ఆ సంగతి చెప్పేముందు ఈ కుక్కలు ఎవరివో, ఎక్కడివో చెప్పుకోవాలి.

భూమి చివర కాపురం

రష్యాకు ఉత్తరపు కొసన, ధ్రువ సముద్రంలోకి చొచ్చుకొనిపోయిన యమల్ అనే ద్వీపకల్పం ఉంది. నెనెట్స్ అనే ప్రజల భాషలో యమల్ అంటే భూమి చివర అని అర్థం. చెట్టు మొలవని నేల అది. శీతకాలంలో చలి మైనస్ 50 డిగ్రీల వరకు దిగుతుంది. నెనెట్స్ ప్రజలు నేటికీ సుమారు 45 నుంచి 50 వేల మంది ఉన్నారు. వాళ్ళలో చాలామంది ధ్రువపు జింకలను, అంటే రెయిన్‌డీర్లను మేపుకుంటూ, ఏటా వందల కిలోమీటర్లు మంద వెంట నడుస్తారు. మన దగ్గర గొర్రెల కాపరులు మేత వెతుక్కుంటూ మందతో ఊళ్ళు దాటిపోవడం మనం ఎరుగుదుం. అలాంటి బతుకే వాళ్ళది, కాకపోతే మంచు మీద.

వాళ్ళు ఉండేది చూమ్ అనే గుడారంలో. పొడవాటి కర్రలు నిలబెట్టి, పైన జింక తోళ్ళు కప్పి, నడుమ నిప్పు పెట్టుకుంటారు. ఆ గుడారంలో మనుషులతోపాటు కుక్కలకూ చోటు ఉంటుంది. పగలు మందను మళ్ళించడం, అవసరమైతే బండి లాగడం, రాత్రి పిల్లల పక్కన పడుకోవడం వాటి పని. కుక్క ఒంటి వెచ్చదనం ఆ చలిలో పిల్లలకు దుప్పటిలాంటిది.

ఇక్కడ పేరు గురించి ఒక మాట. సమోయెడ్ అన్నది ఆ ప్రజలు తమకు తాము పెట్టుకున్న పేరు కాదు. బయటివాళ్ళు పెట్టింది. ఆ మాట ఎలా పుట్టిందన్న దాని మీద పండితులలో భేదాభిప్రాయాలు ఉన్నాయి గానీ, రష్యన్ భాషలో వింటే "తన్ను తానే తినేవాడు" అన్నట్టు ధ్వనిస్తుంది. వాళ్ళ సొంత మాట నెనెట్స్. దానికి అర్థం "మనిషి". ఇరవయ్యో శతాబ్దంలో పాత పేరు పోయి నెనెట్స్ అన్నదే అధికారిక పేరయింది. పాత పేరు మాత్రం కుక్కకు మిగిలిపోయింది. ఇతరులు పెట్టిన పేరు మోయడం ఎంత బరువో మన తాతముత్తాతలకు తెలుసు. కనుక ఈ కుక్కను ఆ పేరుతో పిలిచినా, దాన్ని పెంచిన ప్రజలను వాళ్ళ సొంత పేరుతోనే తలుచుకుందాం.

బొచ్చు వెనుక ఉన్న జ్ఞానం

ఈ కుక్కకు రెండు పొరల బొచ్చు ఉంటుంది. లోపలిది దూదిలా మెత్తగా, పొట్టిగా, ఒత్తుగా ఉంటుంది. పైది పొడవుగా, నిటారుగా, కొంచెం గరుకుగా ఉంటుంది. పైపొర మంచునూ తడినీ లోపలికి రానివ్వదు. లోపలిపొర గాలిని పట్టి ఉంచి ఒంటి వేడి బయటికి పోకుండా ఆపుతుంది. మెడ చుట్టూ సింహం జూలులాంటి బొచ్చు, కాలి వేళ్ళ సందుల్లో కూడా వెంట్రుకలు, వీపు మీదికి వంగిన గుబురు తోక. పడుకున్నప్పుడు ఆ తోకను ముక్కు మీద కప్పుకుంటుంది. చెవులు చిన్నవి, దళసరివి, కనుక చలికి గడ్డకట్టవు. నోటి మూలలు పైకి తిరిగి ఉండడం వల్ల నవ్వుతున్నట్టు కనబడుతుంది.

147వ కీర్తనలో కీర్తనకారుడు దేవుడు కురిపించే మంచును గొర్రెబొచ్చుతో పోల్చాడు. మంచును ఇచ్చిన ఆయనే ఆ మంచులో బతికే ప్రాణికి బొచ్చు కూడా ఇచ్చాడు. ఏ చోట పెట్టాడో ఆ చోటికి తగిన వస్త్రం వేశాడు. ఈ మాట మనసులో ఉంచుకోండి, చివర మళ్ళీ అవసరమవుతుంది.

దాని స్వభావం కూడా ఆ చోటు నుంచే వచ్చింది. గుడారంలో పిల్లల మధ్య పెరిగిన కుక్క కనుక మనిషిని నమ్ముతుంది. కొత్తవాణ్ణి చూసినా తోక ఊపుతుంది. మందను కాసిన కుక్క కనుక తెలివైనది, కాస్త మొండిది, తనంతట తాను ఆలోచిస్తుంది. మనిషికి దూరంగా కట్టేస్తే కుంగిపోతుంది. ఈ నమ్మకమే దానికి అందం. చరిత్రలో దానికి ముప్పు తెచ్చింది కూడా ఈ నమ్మకమే.

ధ్రువయాత్రలు

పంతొమ్మిదో శతాబ్దం చివర ఐరోపా దేశాలకు ధ్రువాలను చేరాలన్న ఆశ పట్టుకుంది. బండ్లు లాగడానికి కుక్కలు కావాలి. నార్వేకు చెందిన ఫ్రిట్యోఫ్ నాన్సెన్ 1893లో ఫ్రామ్ అనే ఓడలో బయలుదేరి, దారిలో ఖబరోవా అనే చోట 34 కుక్కలను ఎక్కించుకున్నాడు. అవి పశ్చిమ సైబీరియాలో కొన్నవి, ఈనాటి సమోయెడ్ జాతికి దగ్గరి చుట్టాలు.

1895 మార్చి 14న నాన్సెన్, అతని తోటివాడు యాల్మార్ యోహాన్సెన్ ఓడను విడిచి, 28 కుక్కలతో, మూడు బండ్లతో ధ్రువం వైపు నడిచారు. ఏప్రిల్ 8న 86 డిగ్రీల 14 నిమిషాల ఉత్తర అక్షాంశం దగ్గర ఆగారు. అప్పటివరకు ఏ మనిషీ అంత ఉత్తరానికి వెళ్ళలేదు. ఇక ముందుకు పోలేక వెనక్కి తిరిగారు.

వాళ్ళ లెక్క మొదటినుంచే ఒకటి ఉంది. తిండి తగ్గేకొద్దీ బండి బరువు తగ్గుతుంది. బరువు తగ్గేకొద్దీ కుక్కలు తక్కువ కావాలి. కనుక బలహీనమైన కుక్కను చంపి మిగతా కుక్కలకు వేయాలి. అలాగే చేశారు. తూటాలు మిగుల్చుకోవడానికి మొదట్లో కత్తితోనే చంపారు. అలసిపోయి కదలలేని కుక్కలను లావుపాటి కర్రలతో కొట్టి నడిపించామని, అది తలుచుకుంటే వణుకు పుడుతుందని నాన్సెన్ తర్వాత తన పుస్తకంలో ఒప్పుకున్నాడు. అది క్రూరత్వమేనని దాచకుండా రాశాడు.

ఆగస్టు నాటికి మంచు అయిపోయి నీళ్ళు వచ్చాయి. ఇక ప్రయాణం చర్మపు పడవల మీదే. 28 కుక్కల్లో రెండే మిగిలాయి. నాన్సెన్ కుక్క కైఫాస్, యోహాన్సెన్ కుక్క సుగ్గెన్. పడవల్లో వాటికి చోటు లేదు. తన కుక్కను తానే చంపడానికి ఇద్దరికీ మనసొప్పలేదు. యోహాన్సెన్ కైఫాస్‌ను మంచుదిబ్బ చాటుకు తీసుకుపోయాడు, నాన్సెన్ సుగ్గెన్‌ను తీసుకుపోయాడు. అంతకుముందు కుక్కల మీద వాడకుండా మిగుల్చుకున్న తూటాలను ఈ రెండింటి కోసం ఖర్చుపెట్టారు. కైఫాస్ ఎవరో పిలిచారని తోక ఊపుకుంటూ వెళ్ళిందో లేదో మనకు తెలియనక్కరలేదు. నమ్మి వెళ్ళిందన్నది మాత్రం నిజం. అయిదు నెలలుగా అది నడిచింది ఆ ఇద్దరి వెంటే కదా.

దక్షిణ ధ్రువం వైపు కూడా ఇదే జరిగింది. 1898 నుంచి 1900 వరకు సాగిన బోర్క్‌గ్రెవింక్ యాత్రలో మొదటిసారిగా అంటార్కిటికా ఖండం మీద కుక్కలు అడుగుపెట్టాయి. వాటిని చూసుకున్నవాళ్ళు పెర్ సావియో, ఓలే ముస్ట్ అనే ఇద్దరు సామీ జాతివాళ్ళు. ఆ తర్వాత 1902 నవంబరు 2న బ్రిటిషు యాత్రకు చెందిన స్కాట్, షాకిల్టన్, విల్సన్ అనే ముగ్గురు 19 సైబీరియా కుక్కలతో దక్షిణానికి బయలుదేరారు. కుక్కల కోసం తెచ్చిన ఎండుచేప ఓడలో ఉష్ణమండలం దాటేటప్పుడే చెడిపోయింది. ఆ చెడిన చేప తిని కుక్కలు ఒక్కొక్కటే నీరసించి పడిపోయాయి. 1903 జనవరి మధ్యకు ఒక్కటీ మిగలలేదు. చంపే పని ఎక్కువగా విల్సన్ మీద పడింది. ఎడ్వర్డ్ విల్సన్ డాక్టరు, పక్షులను ప్రేమించి బొమ్మలు గీసినవాడు, ప్రార్థనాపరుడైన క్రైస్తవుడు. స్కాట్‌కు ఆ పని చేయడానికి ధైర్యం చాలలేదు. మంచివాళ్ళ చేతులకు కూడా ఇలాంటి పని వచ్చిపడుతుంది, అది చరిత్ర చెప్పే కఠినమైన సత్యం.

ఇక్కడ ఒక సవరణ. దక్షిణ ధ్రువాన్ని 1911 డిసెంబరు 14న మొదట చేరిన ఆమున్సెన్‌ను తీసుకువెళ్ళినవి సమోయెడ్ కుక్కలని కుక్కలు అమ్మేవాళ్ళు చెబుతుంటారు. అవి గ్రీన్‌లాండ్ కుక్కలు. గొప్ప కోసం అబద్ధం కలపనక్కరలేదు. ఉన్న చరిత్రే చాలినంత ఉంది.

కయప లెక్క

యోహాను సువార్త 11వ అధ్యాయం 49, 50 వచనాలు తీసి చదువుకోండి. జనమంతా నశించేకంటే ఒకడు చావడం మేలని కయప సభలో చెప్పాడు. లెక్కగా చూస్తే ఆ మాటలో తప్పు పట్టడం కష్టం. ఒకటి పోతే అనేకం మిగులుతాయి. నాన్సెన్ బండి లెక్క కూడా అదే. ఒక కుక్క పోతే ఇరవై ఏడు నడుస్తాయి, అది పోతే ఇరవై ఆరు. చివరికి కయప పేరు పెట్టుకున్న కుక్కే ఆ లెక్కలో చివరి అంకె అయింది. అది ఒక పేరు మాత్రమే. అయినా చదువుతుంటే మా గుండె కలుక్కుమంది.

కయప లెక్కలో లోపం ఎక్కడుంది? చావవలసినది ఎప్పుడూ ఎదుటివాడే, లెక్క వేసేవాడు ఎన్నడూ కాదు. మన ప్రభువు 10వ అధ్యాయంలో చెప్పింది దీనికి తలకిందులు. కాపరి గొర్రెల కోసం తన ప్రాణం తానే పెడతాడు, ఎవరూ దాన్ని ఆయన దగ్గర లాక్కోరు. కుక్క చావును సిలువతో పోల్చడం మా ఉద్దేశం కాదు, అలా ఎవరూ తీసుకోవద్దు. కైఫాస్ ప్రాణం పెట్టలేదు, దాని ప్రాణం తీశారు. మేము అడుగుతున్నది వేరే ప్రశ్న. మన చేతి కింద ఉన్న ప్రాణి విషయంలో మనం కయపలా లెక్క వేస్తున్నామా, కాపరిలా చూసుకుంటున్నామా?

నాన్సెన్‌కు ఒక సాకు ఉంది. మంచు మీద ఆకలి, ముందు నీళ్ళు, వెనుక చావు. మనకు అలాంటి సాకు కూడా లేదు. అందంగా ఉందని కొనుక్కుంటాం, భారమైతే వదిలేస్తాం. మన లెక్క నాన్సెన్ లెక్క కంటే చవకది.

గుడారం నుంచి డ్రాయింగు రూము వరకు

1889లో ఎర్నెస్ట్ కిల్‌బర్న్ స్కాట్ అనే ఆంగ్లేయుడు రష్యాలోని అర్ఖాంగెల్స్క్ ప్రాంతం నుంచి సబర్కా అనే గోధుమరంగు కుక్కపిల్లను ఇంటికి తెచ్చాడు. ఆ తర్వాత తెల్లని కుక్కలు తెప్పించాడు. అతనూ అతని భార్యా కలిసి ఇంగ్లండులో ఈ జాతిని పెంచారు. ధ్రువయాత్రల నుంచి మిగిలిన కొన్ని కుక్కలు కూడా ఇందులో కలిశాయి. బోర్క్‌గ్రెవింక్ యాత్రలో మిగిలిన అంటార్కిటిక్ బక్ అనే కుక్కను 1908లో సిడ్నీలోని జంతుప్రదర్శనశాలలో చూసి, దాన్నీ ఇంగ్లండుకు తెచ్చుకున్నాడు. అప్పటికి రాణి అలెగ్జాండ్రా కూడా ఈ జాతిని ఇష్టపడి పెంచుకునేది. అమెరికాలో 1906లో మొదటి సమోయెడ్ కుక్క నమోదయింది.

మొదట్లో వీటిలో నల్లవి, గోధుమవి, మచ్చలవి కూడా ఉండేవి. ఇంగ్లండులో జనం తెలుపునే కోరుకున్నారు. తెల్లవాటినే జతకలిపారు. ఈనాడు తెలుపు, మీగడ రంగు, లేత బిస్కెట్టు రంగు మాత్రమే మిగిలాయి. పనికోసం పుట్టిన కుక్క చూపుకోసం మారింది. రంగు చూసి ఎంచుకోవడం మనుషుల విషయంలో మనం చేసే పాపమే, కుక్కల విషయంలోనూ చేశాం.

మన ఇళ్ళలో పాతికేళ్ళ కిందట తెల్లని చిన్న కుక్కలు ఉండేవి, మనం వాటిని పొమేరియన్ అనేవాళ్ళం. వాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్ అనే జాతివి. బ్రిటిషువాళ్ళ కాలంలో వచ్చి, తరాల మీదట మన వాతావరణానికి అలవాటుపడినవి. ఆ ముఖమూ ఆ తోకా చూసి, సమోయెడ్ కూడా అలాంటిదే, కాస్త పెద్దదంతే అనుకుంటారు. కాదు. ఇది ఇంకా మంచుదేశపు కుక్కే.

స్వభావం తెలుసుకున్నాకే ఇంటికి

మగది సుమారు 57 సెంటీమీటర్లు, ఆడది 53 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. పన్నెండు నుంచి పద్నాలుగేళ్ళు బతుకుతుంది. అంటే ఇవాళ ఒకటో తరగతిలో ఉన్న మీ బిడ్డ ఇంటరు దాటేవరకు అది మీ ఇంట్లో ఉంటుంది.

కాపలాకు పనికిరాదు. అరుస్తుంది, బాగా అరుస్తుంది, కానీ దొంగ వచ్చినా పలకరించే రకం. పిల్లలతో మెత్తగా ఉంటుంది. ఒంటరితనం భరించలేదు. భార్యాభర్తలిద్దరూ పొద్దున్నే తాళం వేసి రాత్రికి వచ్చే ఇంట్లో అది పరుపులు చింపుతుంది, తలుపులు గీకుతుంది, ఏడుపులా ఊళ వేస్తుంది. అది దాని దుర్మార్గం కాదు, గుడారంలో అందరి మధ్య పెరిగిన వంశం అది. రోజుకు గంటకు తగ్గకుండా నడక, ఆట కావాలి. దెబ్బలకు లొంగదు. ఓపికగా, చిన్నప్పటినుంచి, ఒకే మాటతో నేర్పితే నేర్చుకుంటుంది.

బొచ్చు సంగతి. మామూలు రోజుల్లో వారానికి రెండు మూడుసార్లు, లోపలిపొర రాలే కాలంలో ప్రతిరోజూ వేళ్ళు దిగేంత లోతుగా దువ్వాలి. రాలే కాలంలో బొచ్చు ఇల్లంతా దూదిపింజల్లా ఎగురుతుంది. స్నానం అరుదుగా చాలు, కానీ చేయిస్తే లోపలిపొర పూర్తిగా ఆరేవరకు తుడవాలి, గాలి తగలనివ్వాలి. తడి లోపల నిలిస్తే చర్మానికి బూజుపట్టినట్టు పుళ్ళు వస్తాయి. ఆ దట్టమైన బొచ్చులో గోమార్లు దాక్కుంటే బయటికి కనబడవు. గోమార్ల వల్ల వచ్చే జ్వరం కుక్కలను చంపుతుంది. కనుక చెవుల వెనుక, మెడకింద, వేళ్ళ సందుల్లో వెతకాలి. ఈ జాతిలో తుంటికీలు జబ్బులు, మధుమేహం, కళ్ళ జబ్బులు, వంశపారంపర్యంగా వచ్చే మూత్రపిండాల వ్యాధి కూడా ఉన్నాయి. అందుకని తల్లినీ తండ్రినీ చూపించకుండా, ఆరోగ్య పరీక్షల కాగితాలు లేకుండా అమ్మేవాడి దగ్గర కొనవద్దు. రేబిస్ టీకా ఏటా తప్పనిసరి.

ఇక మన ఎండలు

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దల మాట. రెంటచింతల, రామగుండం, ఖమ్మం వైపు మే నెలలో 45 డిగ్రీల వేడి కొత్త కాదు. మనకు ఒళ్ళంతా చెమట పడుతుంది, అది ఆరుతూ చల్లబరుస్తుంది. కుక్కకు అలాంటి చెమట పాదాల అడుగున తప్ప పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దానికి ఉన్న దారి. కోస్తాలో ఉక్కపోత ఎక్కువైతే ఆ రొప్పడం కూడా సరిగ్గా పనిచేయదు, ఎందుకంటే నాలుక మీది తడి ఆరదు.

కుక్క మామూలు ఒంటివేడి సుమారు 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్. అది 41 దాటితే ప్రాణాపాయం. ఆగకుండా రొప్పడం, చిక్కగా చొంగ కారడం, చిగుళ్ళు ఎర్రబడడం, తూలడం, వాంతులు, ఇవి వడదెబ్బ గుర్తులు. అలా కనిపిస్తే వెంటనే నీడకు చేర్చి, ఒంటిమీద చల్లని నీళ్ళు చర్మందాకా తడిసేలా పోసి, ఫ్యాను గాలి తగలనిచ్చి, పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. తాగగలిగితే నీళ్ళు పెట్టండి, బలవంతంగా పోయవద్దు.

వేసవి కదా అని కొందరు బొచ్చు మొత్తం గొరిగిస్తారు. అది మేలు కాదు. పైపొర ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కూడా కాపాడుతుంది. గొరిగితే చర్మం కాలుతుంది, బొచ్చు తిరిగి సరిగ్గా రాకపోవచ్చు. రాలిన లోపలిపొరను దువ్వి తీసేస్తే గాలి ఆడుతుంది, అదే సరైన పని. నడక తెల్లవారుజామున, లేదా రాత్రి పొద్దుపోయాక. తారురోడ్డు మీద మీ అరచేయి అయిదు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలు కూడా కాలతాయి. ఆపివున్న కారులో ఒక్క నిమిషం కూడా వదలవద్దు. పగలంతా చల్లని గది ఉండాలి. కరెంటు పోతే ఏం చేస్తారో కూడా ముందే ఆలోచించుకోవాలి.

ఇవన్నీ చేయగలిగినవాళ్ళు ఉన్నారు, కాదనం. కానీ రేకుల ఇంట్లో, మేడ మీద గొలుసుతో కట్టేసి పెంచేవాళ్ళు దాన్ని తేవద్దని మా హృదయపూర్వకమైన మనవి. మంచులో వేసుకోమని దేవుడు ఇచ్చిన వస్త్రాన్ని మనం మే నెలలో దాని చేత వేయిస్తున్నాం. కుక్క దాన్ని విప్పుకోలేదు.

లేఖనం ఏమంటున్నది

బైబిలులో కుక్క పేరు ఎక్కువగా తిట్టుగానే వస్తుందని మీలో చాలామందికి తెలుసు. నిజమే. ఆనాటి వీధికుక్కలు అలాంటివి. అయినా యోబు 30:1లో మందను కాసే కుక్కలు ఉన్నాయి. లూకా 16:21లో ధనవంతుని వాకిట పడివున్న లాజరు దగ్గరికి వచ్చినవి కుక్కలే, ధనవంతుడు రాలేదు. సబ్బాతు విశ్రాంతిలో దేవుడు పశువులనూ చేర్చాడు (ద్వితీయోపదేశకాండము 5:14). కళ్ళం తొక్కే ఎద్దు నోటికి చిక్కం కట్టవద్దన్నాడు (25:4). నీనెవె మీద జాలిపడినప్పుడు అక్కడి పశువులను కూడా లెక్కలోకి తీసుకున్నాడు (యోనా 4:11). నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని పట్టించుకుంటాడని సామెతలు 12:10 చెబుతున్నది. ఆ వచనంలో నీతికి కొలత గుడిలో లేదు, కొట్టంలో ఉంది.

మన ముందటి విశ్వాసులు దీన్ని అర్థం చేసుకున్నారు. 1824లో లండనులో జంతుహింస నివారణ సంఘం మొదలుపెట్టినవాడు ఆర్థర్ బ్రూమ్ అనే సంఘకాపరి. బానిసల విడుదల కోసం పోరాడిన విల్బర్‌ఫోర్స్ కూడా ఆ మొదటి పెద్దలలో ఉన్నాడు. సంఘం అప్పులు తీరకపోతే బ్రూమ్ చెరసాలకు పోయాడు. మనుషుల సంకెళ్ళ కోసం కన్నీళ్ళు కార్చిన హృదయమే గుర్రాల దెబ్బల కోసం కూడా బాధపడింది. రెండూ వేరు కావు. మన దేశంలోనూ 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం, పెంచుకున్న జంతువును ఆకలిదప్పులకు గురయ్యేలా వదిలేయడం నేరం. చట్టం చెప్పకముందే వాక్యం చెప్పింది.

చివరిగా

ప్రియులారా, కుక్కను ప్రేమించాలని ఉన్నవాళ్ళకు మా సలహా ఒకటి. మీ వీధిలో పుట్టిన పిల్లను తెచ్చుకోండి. పొట్టి బొచ్చు, సన్నని ఒళ్ళు, మన ఎండకు తగినట్టు దేవుడు వేసిన వస్త్రం దానిది. టీకాలు వేయించి, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించి, రెండు పూటలా అన్నం పెడితే అది కూడా మీ బిడ్డల పక్కన పడుకుంటుంది. దానికి ఫొటోలో విలువ ఉండకపోవచ్చు, ఇంట్లో ఉంటుంది.

ఇప్పటికే సమోయెడ్‌నో, హస్కీనో, సెయింట్ బెర్నార్డ్‌నో తెచ్చుకున్నవాళ్ళను మేము నిందించడం లేదు. వచ్చిన ప్రాణి వచ్చింది, ఇక అది మీ అప్పగింత. దాన్ని వదలకండి. పైన రాసినవి ఈ వేసవి నుంచే పాటించండి. పెంచలేని పరిస్థితి వస్తే రోడ్డు మీద విడవకుండా, చల్లని చోట పెంచగల ఇల్లు వెతికి అప్పగించండి. అవసరమైతే మాతో చెప్పండి, సంఘంలో అందరం కలిసి వెతుకుదాం.

తన్ను నమ్మి వచ్చిన దానిని మనిషి ఏం చేస్తాడన్నది చిన్న విషయం కాదు. మన ఇంట్లోని పనిమనిషి, మన చేను కౌలుకు చేసే రైతు, మన మీద ఆధారపడిన ముసలి తల్లిదండ్రులు, మన వాకిట కట్టేసిన పశువు, అందరూ మనల్ని నమ్మి ఉన్నవాళ్ళే. వాళ్ళలో ఎవరు భారమైనా మనలోని కయప మెల్లగా లెక్క మొదలుపెడతాడు. ఆ లెక్క చెవిన పడిన రోజున, తన గొర్రెల కోసం ప్రాణం పెట్టిన కాపరి వైపు చూడండి.

పిచ్చుకలలో ఒక్కటైనను మరువని మన తండ్రి, మన చేతికి అప్పగించిన ప్రతి ప్రాణి విషయమై మనకు మెత్తని హృదయమును దయచేయును గాక. ఆమేన్.